హోటల్ మీద కూలింగ్ టవర్: తిరుపతి నీళ్ళతో నడుస్తుందా?

రేణిగుంట_రోడ్డు (తిరుపతి)

అందరికీ నమస్కారం. మా బాబాయి వాళ్ళు తిరుపతిలో 120 గదుల హోటల్ కడుతున్నారు. కింద రెండు ఫంక్షన్ హాళ్ళు. స్లాబులు అయిపోయాయి, ఇప్పుడు ఏసీ సంగతి తేల్చాలి. కన్సల్టెంటు మొత్తం 200 టన్నుల లోడ్ వస్తుందని లెక్కగట్టి, వాటర్ కూల్డ్ చిల్లర్లు (గదులకు చల్లనీళ్ళు పంపే మెషీన్లు) పెట్టుకుని టెర్రస్ మీద కూలింగ్ టవర్లు వేయమంటున్నారు. కరెంటు బాగా కలిసొస్తుందట. ఇంకొకాయన వచ్చి "టవర్ జోలికి పోవద్దు, నీళ్ళు తాగేస్తుంది, ఎయిర్ కూల్డ్ పెట్టుకోండి, లేదంటే వీఆర్‌ఎఫ్‌కి (చల్లనీళ్ళు లేకుండా గ్యాస్ పైపులతోనే గదులు చల్లబరిచే ఏసీ) పోండి" అన్నారు. నేను సివిల్ చదివాను, ఏసీ ప్లాంటు గురించి పెద్దగా తెలీదు. అసలు టవర్ చేసే పని ఏంటి? రోజుకు ఎన్ని నీళ్ళు కావాలి? మాకు ఒకటే బోరు ఉంది, ఎండాకాలం ట్యాంకర్లు తప్పవు. తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి.

ప్లాంట్_రూమ్ (తిరుపతి)

నేను ఇక్కడే ఒక ఆసుపత్రిలో చిల్లర్ ప్లాంటు చూసుకుంటాను. మొదట పని ఎట్లా జరుగుతుందో చెప్తాను, అది అర్థమైతే మిగతా లెక్కలు మీరే వేసుకోగలరు.

గదిలో వేడిని చల్లనీళ్ళు మోసుకొస్తాయి. చిల్లర్ నుంచి దాదాపు 7 డిగ్రీల దగ్గర బయల్దేరి, గదులన్నీ తిరిగి 12 డిగ్రీలకు చేరి వెనక్కొస్తాయి. ఆ వేడిని చిల్లర్లోని గ్యాస్ లాక్కుని కండెన్సర్‌లో వదిలేస్తుంది. కండెన్సర్ చుట్టూ ఇంకో నీళ్ళ లైన్ తిరుగుతుంది. దానికీ గదుల్లోకి వెళ్ళే నీళ్ళకీ సంబంధం ఉండదు. ఈ రెండో లైన్ నీళ్ళే టవర్‌కి ఎక్కుతాయి. మన దగ్గర సాధారణంగా 32 డిగ్రీలతో కండెన్సర్‌లోకి వెళ్ళి 37తో బయటికొచ్చేలా డిజైన్ చేస్తారు. ఆ 5 డిగ్రీలు దించి మళ్ళీ 32 చేయడమే టవర్ పని.

ఎట్లా దించుతుందంటే, పైన నాజిళ్ళ నుంచి నీళ్ళు చిలకరిస్తారు. కింద ముడతలు ముడతలుగా ఉండే పీవీసీ రేకులు దొంతరగా ఉంటాయి, దాన్నే ఫిల్ అంటాం. నీళ్ళు ఆ రేకుల మీద పల్చటి పొరగా జారుతుంటే పైనున్న ఫ్యాను కింది నుంచి గాలిని లాగుతుంది. కొంచెం నీరు ఆవిరైపోతుంది, పోతూ పోతూ మిగతా నీళ్ళ వేడిని తీసుకుపోతుంది. పుష్కరిణిలో మునిగి తడి బట్టలతో మెట్ల మీద నిలబడితే, ఎండలో కూడా గాలి తగలగానే వణుకొస్తుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే.

ఒక కిలో నీరు ఆవిరవడానికి సుమారు 580 కిలో కేలరీల వేడి కావాలి. ఒక కిలో నీటిని 5 డిగ్రీలు చల్లబరచాలంటే తీయాల్సింది 5 కిలో కేలరీలే. అంటే వంద లీటర్లు తిరిగితే లీటరులోపే ఆవిరవుతుంది, మిగతా 99 లీటర్లూ చల్లబడి కింద బేసిన్‌లో పడతాయి.

మెట్ల_దారి (తిరుపతి)

మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. చలికాలం పొద్దున్నే కొన్ని బిల్డింగుల మీద తెల్లగా పొగ లేస్తుంటుంది. అది ఈ టవర్ల నుంచేనా? పీల్చితే ఏమైనా అవుతుందా? మా అపార్ట్‌మెంటు పక్కనే ఒకటి ఉంది.

ప్లాంట్_రూమ్ (తిరుపతి)

అది పొగ కాదండీ, ఆవిరి. టవర్ నుంచి తడి గాలి బయటికొచ్చి చల్లగాలిలో కలవగానే సన్నటి నీటి బిందువులుగా మారి తెల్లగా కనబడుతుంది. మే నెలలో అదే టవర్ ఇంకా ఎక్కువ నీళ్ళు ఆవిరి చేస్తున్నా ఏమీ కనబడదు. థర్మల్ కేంద్రాల్లో నడుము సన్నగా ఉండే పెద్ద పెద్ద కాంక్రీటు టవర్ల నుంచి లేచేదీ ఇదే. ఆ ఆకారాన్ని నెదర్లాండ్స్ ఇంజనీర్లు వాన్ ఇటర్సన్, కైపర్స్ డిజైన్ చేశారు, మొదటిది 1918లో అక్కడే కట్టారు. వాటికి ఫ్యాను అక్కర్లేదు, వేడి గాలి దానంతటదే పైకి లేస్తుంది. మన బిల్డింగుల మీద అంత ఎత్తు కుదరదు కాబట్టి ఫ్యాను పెడతాం.

పీల్చితే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. అది తెలిసినవాళ్ళు చెప్తే బాగుంటుంది.

గాలి_చాలు (చిత్తూరు)

నేను ఏసీ కాంట్రాక్టులు చేస్తాను, చిత్తూరు, తిరుపతి, పలమనేరు వైపు. మీకు ఎయిర్ కూల్డ్ చెప్పినాయన మాటలో న్యాయం ఉంది. టవర్ అంటే టవర్ ఒక్కటే కాదు. కండెన్సర్ పంపులు, సాఫ్ట్‌నర్ (నీళ్ళ కఠినత్వం తగ్గించేది), మందుల డోసింగ్, నెలనెలా నీళ్ళ టెస్టు, ఏడాదికోసారి ట్యూబులు బ్రష్ చేయించడం, వీటన్నిటినీ చూసుకునే మనిషి. ఆసుపత్రిలో, పెద్ద ఫ్యాక్టరీలో ఆ మనిషి ఉంటాడు. 120 గదుల హోటల్లో ఎలక్ట్రీషియనే ఏసీ చూడాలి, లిఫ్ట్ చూడాలి, జనరేటర్ చూడాలి. రెండేళ్ళు తిరిగేసరికి టవర్ పాచి పట్టి, నాజిళ్ళు మూసుకుపోయి, ఫిల్ సున్నం బరువుకి కుంగిపోయి ఉంటుంది. అట్లాంటివి చాలా చూశాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది. అంత డబ్బు పెట్టి కొన్న మెషీన్ అది.

జల_లెక్క (తిరుపతి)

నీళ్ళ ట్రీట్‌మెంట్ నా వృత్తి. గాలి_చాలు అన్న చెప్పింది నిజమే. కానీ నీళ్ళ లెక్క వేయకుండా ఏదీ తేల్చకండి.

200 టన్నులకు కండెన్సర్ నీళ్ళు గంటకు సుమారు 1,36,000 లీటర్లు తిరగాలి. అందులో ఆవిరయ్యేది ఫుల్ లోడ్ మీద గంటకు 1,150 లీటర్ల చుట్టుపక్కల. హోటల్ రోజంతా ఫుల్ లోడ్ మీద నడవదు. సగటున 60 శాతం అనుకుంటే 24 గంటలకు 16,500 లీటర్లు ఆవిరికే పోతాయి.

అక్కడితో అయిపోదు. ఆవిరయ్యేది శుద్ధమైన నీరు, ఉప్పులు బేసిన్‌లోనే ఉండిపోతాయి. రోజులు గడిచేకొద్దీ నీళ్ళు చిక్కబడతాయి. అందుకని కొన్ని నీళ్ళు కావాలని బయటికి వదిలేస్తాం, అదే బ్లోడౌన్. మేకప్ నీళ్ళకంటే (పోయినవాటి బదులు కొత్తగా పోసేవి) బేసిన్ నీళ్ళు ఎన్ని రెట్లు చిక్కబడేదాకా ఉంచుతామన్నది సైకిల్స్ లెక్క. ఆవిరైన నీటిని, సైకిల్స్‌లో ఒకటి తీసేసి వచ్చే సంఖ్యతో భాగిస్తే బ్లోడౌన్ వస్తుంది. 3 సైకిల్స్ దగ్గర నడిపితే బ్లోడౌన్ 8,250 లీటర్లు, రోజుకు మొత్తం 25,000 దగ్గరికొస్తుంది. 5 సైకిల్స్ దగ్గర నడపగలిగితే బ్లోడౌన్ 4,100కు తగ్గి మొత్తం 20,600 సరిపోతాయి. 2 సైకిల్స్ దగ్గరే ఆగిపోతే మొత్తం 33,000.

ఇవన్నీ బయటి నుంచి కొనాల్సొస్తే 3 సైకిల్స్ దగ్గర 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు ఐదు. ఇప్పుడు మీ బోరు నీళ్ళ రిపోర్టు పెట్టండి, ఎన్ని సైకిల్స్ వస్తాయో దాన్నిబట్టే ఉంటుంది.

రేణిగుంట_రోడ్డు (తిరుపతి)

చాలా థ్యాంక్స్ అక్కా. రిపోర్టు తీయించాం. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పులు) 920, మొత్తం కఠినత్వం 410, క్లోరైడ్ 180, సిలికా 52. మిగతావి అర్థం కాలేదు. కఠినత్వం ఎక్కువని సాఫ్ట్‌నర్ పెడితే సరిపోతుందన్నారు, నిజమేనా?

జల_లెక్క (తిరుపతి)

మీ రిపోర్టులో అందరూ వదిలేసే అంకె ఒకటుంది, సిలికా 52.

సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీస్తుంది. తెల్లసున్నం కట్టకుండా ఆపుతుంది. సిలికాని మాత్రం ముట్టుకోదు. మన చిత్తూరు వైపు అంతా గ్రానైటు బండ, లోతు బోర్ల నీళ్ళలో సిలికా కనబడటం మామూలే. టవర్ నీళ్ళలో సిలికా 150 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దాటకుండా చూసుకోవాలన్నది మేం పాటించే హద్దు. 52ని మూడుతో గుణించండి, 156. అంటే సాఫ్ట్‌నర్ పెట్టినా మీ బోరు నీళ్ళతో 3 సైకిల్స్ కూడా పూర్తిగా రావు, 2.8 దగ్గర ఆపాలి.

దాటితే ఏమవుతుందంటే, కండెన్సర్ రాగి ట్యూబుల లోపల పల్చగా గాజులాంటి పొర కడుతుంది. సున్నం పొర అయితే సల్ఫామిక్ యాసిడ్ తిప్పితే కరుగుతుంది. సిలికా పొర దానికి లొంగదు. ఒకచోట కండెన్సర్ మూత విప్పినప్పుడు చూశాను. ట్యూబుల మూతుల దగ్గర బూడిదరంగు పొర, వేలితో రాస్తే నున్నగా జారుతుంది, గోటితో గీరితే గీత కూడా పడలేదు. బ్రష్షులు అరిగిపోయాయి తప్ప అది రాలేదు.

గాలి_చాలు (చిత్తూరు)

అందుకే చెప్తున్నా, ఇట్లాంటి నీళ్ళున్నచోట ఎయిర్ కూల్డే మేలు.

ప్లాంట్_రూమ్ (తిరుపతి)

అన్నా, కరెంటు వైపు కూడా చూద్దాం. వాటర్ కూల్డ్ చిల్లర్ టన్నుకు 0.6 నుంచి 0.7 కిలోవాట్ తీసుకుంటుంది, పంపులు, టవర్ ఫ్యాను కలిపితే 0.85 అనుకోండి. ఎయిర్ కూల్డ్ 1.2 చుట్టూ ఉంటుంది. తేడా టన్నుకు 0.35. జల_లెక్క గారి 60 శాతం లెక్కే తీసుకుంటే రోజుకు వెయ్యి యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 8 రూపాయలనుకుంటే 8,000 రూపాయలు. ట్యాంకరు 700 అనుకుంటే ఐదు ట్యాంకర్లకు 3,500. రేట్లు మీ బిల్లు చూసి మార్చుకోండి. మందులకు, మనిషికి పోయినా ఇంకా మిగులుతుంది.

ఇంకో సంగతి. ఎయిర్ కూల్డ్ మెషీన్ బయటి గాలి ఎంత వేడిగా ఉంటే అంత కష్టపడుతుంది. టవర్ చూసేది వెట్ బల్బ్‌ని, అంటే తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించే వేడిని. మేలో మధ్యాహ్నం 40 డిగ్రీలు, గాలిలో తేమ 30 శాతం ఉంటే వెట్ బల్బ్ 26 మాత్రమే. అదే వాన వెలిసిన తర్వాత ఉక్కపోతలో 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే వెట్ బల్బ్ 28. ఏ టవరైనా వెట్ బల్బ్‌కంటే కిందికి నీళ్ళని దించలేదు. మంచి టవర్ దానికి 3, 4 డిగ్రీల దగ్గరదాకా తెస్తుంది. అంటే ఎండలు మండిపోయే రోజు కంటే ఉక్కపోత రోజే టవర్‌కి కష్టం. తిరుపతి ఎండల్లో ఎయిర్ కూల్డ్ మెషీన్లు టెర్రస్ మీద ట్రిప్ అవుతున్న మధ్యాహ్నాల్లో మా ప్లాంటు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. కండెన్సర్‌లోకి వెళ్ళే నీళ్ళు ఒక్క డిగ్రీ తగ్గినా చిల్లర్ కరెంటు 2, 3 శాతం తగ్గుతుంది.

తోతాపురి (చిత్తూరు)

మాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, మెయింటెనెన్స్ నాది. హోటల్‌కి సంబంధం లేదు గానీ టవర్ కొనేటప్పుడు ఒక మాట గుర్తుపెట్టుకోండి. గుజ్జుని 90 డిగ్రీలు దాటించి వేడిచేసి, వెంటనే చల్లబరిచి బ్యాగుల్లో నింపాలి. ఆ చల్లబరిచే పనిలో మొదటి భాగం టవర్ నీళ్ళదే. సప్లయరు ఏసీలకు పెట్టే మామూలు పీవీసీ ఫిల్ వేసిపోయాడు. మా దగ్గర వెనక్కొచ్చే నీళ్ళు 60 డిగ్రీలు దాటుతాయి. పీవీసీ 50, 55 దాటితే మెత్తబడుతుంది. జూన్‌లో సీజన్ మొదలైన కొద్దిరోజులకే ఫిల్ మొత్తం ముద్దకట్టి బేసిన్‌లోకి దిగిపోయింది. బయట తోతాపురి లారీలు లైను కట్టి ఉన్నాయి, రైతులు అడుగుతున్నారు, ఆ రెండు రోజుల టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. తర్వాత పాలీప్రొపిలీన్ వేయించాం.

హోటల్లో 37 డిగ్రీలే కాబట్టి పీవీసీ చాలు. కానీ ఏ పనికి ఏ ఫిల్ అన్నది, డిజైన్ వెట్ బల్బ్ ఎంత అన్నది ఆర్డర్ కాయితం మీద రాయించుకోండి. "200 టన్నుల టవర్" అని ఒక్క మాట రాస్తే సరిపోదు. చిల్లర్ టన్ను వేరు, టవర్ టన్ను వేరు. గది వేడితో పాటు కంప్రెసర్ వేడినీ టవరే బయటికి పంపాలి, కాబట్టి పాతిక శాతం దాకా ఎక్కువ కావాలి.

పద్మావతీ_పురం (తిరుపతి)

మెట్ల_దారి గారి ప్రశ్నకు జవాబు నేను చెప్తాను, మైక్రోబయాలజీ పాఠాలు చెప్తాను కాబట్టి.

ఆవిరితో భయం లేదు. ఆవిరితో పాటు ఎగిరొచ్చే నీటి తుంపరతోనే జాగ్రత్త. టవర్ నీళ్ళు 25 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటాయి, అది లీజియోనెల్లా అనే బాక్టీరియా పెరగడానికి అనువైన వేడి. పాచి, తుప్పు, మడ్డి ఉంటే దానికి ఇంకా అనుకూలం. ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళితే తీవ్రమైన న్యుమోనియా వస్తుంది. 1976 జులైలో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో అమెరికన్ లీజియన్ మాజీ సైనికుల సదస్సు జరిగింది. దానికి వచ్చినవాళ్ళలో జబ్బు మొదలై పాతికమందికి పైగా చనిపోయారు. కారణం దొరక్క నెలలు గడిచాయి. 1977 జనవరిలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలో జోసెఫ్ మెక్‌డేడ్ ఆ బాక్టీరియాని పట్టుకున్నారు. 2015లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఈ జబ్బు ఒక హోటల్ కూలింగ్ టవర్ నుంచే వ్యాపించింది. ఆ ఏడాదే ఆ నగరం ప్రతి టవర్‌నీ రిజిస్టర్ చేయించాలని చట్టం తెచ్చింది.

మన హోటళ్ళలో దిగేవాళ్ళలో పెద్దవయసు వాళ్ళెందరో ఆలోచించండి. షుగర్ ఉన్నవాళ్ళు, కొండ ఎక్కి అలసిపోయి వచ్చినవాళ్ళు. ఈ జబ్బు ఎక్కువగా పట్టేది అట్లాంటివాళ్ళనే. ఊరికి తిరిగెళ్ళాక జ్వరమొస్తే తిరుపతి హోటల్ టవర్ మీద ఎవరికీ అనుమానం రాదు. అందుకే ఇక్కడ టవర్ శుభ్రత ఇంకా గట్టిగా చూడాలి. టవర్ పెట్టొద్దని నా ఉద్దేశం కాదు. మురికి టవర్ పెట్టొద్దు. డ్రిఫ్ట్ ఎలిమినేటర్ లేకుండా టవర్ తీసుకోకండి, తుంపర బయటికి పోకుండా ఆపేది అదే. స్వచ్ఛమైన గాలి లోపలికి లాగే డక్ట్ మూతికి, గది కిటికీలకు దూరంగా పెట్టండి.

ప్లాంట్_రూమ్ (తిరుపతి)

మేడం చెప్పింది అక్షరాలా నిజం. మా దగ్గర క్లోరిన్ జాతి మందు ఒకటి, వేరే రకం బయోసైడ్ ఒకటి మార్చి మార్చి వేస్తాం, ఒకటే వేస్తుంటే పాచి దానికి అలవాటు పడుతుంది. ఆరు నెలలకోసారి బేసిన్ ఖాళీ చేసి మడ్డి తీస్తాం. కడిగేవాళ్ళు ముందు ఫ్యాను ఆపాలి, ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. ప్రెషర్ వాష్ కొట్టేటప్పుడు లేచే తుంపరే అన్నిటికంటే ప్రమాదం. ఈ సంగతి ఆ పనిచేసే కుర్రాళ్ళకు ఎవరూ చెప్పరు.

ఇంకొకటి, మన ఊళ్ళో టెర్రస్ చుట్టూ ఎత్తుగా హోర్డింగ్ రేకులు కట్టేస్తారు. టవర్‌కి పక్కనుంచి గాలి రావాలి. గోడలో బంధిస్తే తను వదిలిన తడి గాలినే మళ్ళీ పీలుస్తుంది, ఎంత పెద్ద టవరైనా పనిచేయదు. మీరు సివిల్ కదా, నీళ్ళు నిండిన బరువుకి స్లాబు చూసుకోవడం మీకు చెప్పక్కర్లేదు.

రేణిగుంట_రోడ్డు (తిరుపతి)

ఇవన్నీ బాబాయికి చదివి వినిపించాను. లెక్క చూసి టవర్ వైపే మొగ్గుతున్నాడు. నీళ్ళే భయం. మాకు ఎలాగూ ఎస్టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) కట్టాలి. ఆ నీళ్ళు టవర్‌కి వాడొచ్చా?

జల_లెక్క (తిరుపతి)

వాడొచ్చు, మీరు చేయాల్సింది కూడా అదే. హోటల్‌కి మంచానికి రోజుకు 180 లీటర్లు అన్నది భారతీయ ప్రమాణం. 120 గదులు నిండి 240 మంది ఉంటే 43,000 లీటర్లు వాడతారు. అందులో 80 శాతం మురుగుగా వచ్చినా 34,000 లీటర్లు. టవర్‌కి కావాల్సింది పాతికవేలు. అతిథులు స్నానం చేసిన నీళ్ళే వాళ్ళ గది చల్లబరుస్తాయి. ట్యాంకర్లు టవర్ కోసం తెప్పించక్కర్లేదు. హోటల్ సగం ఖాళీగా ఉంటే మురుగు తగ్గుతుంది, లోడూ తగ్గుతుంది, కాబట్టి చాలావరకు సర్దుకుంటుంది.

కానీ ఎస్టీపీ నుంచి వచ్చినవి వచ్చినట్టు పంపకూడదు. అమ్మోనియా మిగిలితే కండెన్సర్ రాగి ట్యూబుల్ని తినేస్తుంది. ఫాస్ఫేట్ మిగిలితే పొర కడుతుంది. సేంద్రియ పదార్థం మిగిలితే మేడం చెప్పిన పాచికి తిండి పెట్టినట్టే. అల్ట్రా ఫిల్టరేషన్, తర్వాత సాఫ్ట్‌నర్, తర్వాత క్లోరిన్. సిలికా సంగతి ఎట్లాగూ ఉంది, బోరు నీళ్ళలోదే మురుగులోకీ వస్తుంది. బేసిన్‌లో కండక్టివిటీ మీటర్ (నీళ్ళు ఎంత చిక్కబడ్డాయో చూపేది) పెట్టి బ్లోడౌన్ వాల్వుని దానికి కలపండి. మనిషి చేతికి వదిలేస్తే వాల్వు ఒకరోజు తెరిచే ఉంటుంది, ఇంకొకరోజు తెరవనే తెరవరు. మేకప్ లైన్‌కి ఒక నీళ్ళ మీటరు, బ్లోడౌన్‌కి ఇంకొకటి పెట్టించండి. రెండు అంకెలూ రోజూ రాస్తే టవర్ ఆరోగ్యం కాయితం మీదే కనబడుతుంది.

గాలి_చాలు (చిత్తూరు)

ఎస్టీపీ నీళ్ళతో అయితే నాకు అభ్యంతరం లేదు. ఒక్క షరతు: ప్లాంటు చూసుకోవడానికి ప్రత్యేకంగా మనిషిని పెడతామంటేనే దిగండి. అట్లాగే ఒకే పెద్ద టవర్ వద్దు. 100 టన్నుల చిల్లర్లు రెండు, వాటికి 125 టన్నుల టవర్ సెల్లులు రెండు తీసుకోండి. ఒకటి కడుగుతుంటే ఇంకొకటి నడుస్తుంది. రెండు బేసిన్ల మధ్య ఈక్వలైజింగ్ పైపు మర్చిపోవద్దు, లేదంటే ఒక బేసిన్ పొంగిపోతుంటే పక్కదాంట్లో పంపు గాలి లాగుతుంది. ఫ్యాన్లకు వీఎఫ్‌డీ (వేగం తగ్గించి పెంచే పరికరం) పెట్టించండి. 80 శాతం వేగంతో తిరిగితే కరెంటు సగానికి పడిపోతుంది, రాత్రిళ్ళు చాలావరకు ఆ వేగమే చాలు.

రేణిగుంట_రోడ్డు (తిరుపతి)

కన్సల్టెంటుతో కూర్చుని డ్రాయింగు మార్పించాం. రెండు చిల్లర్లు, రెండు సెల్లులు, ఎస్టీపీ నుంచి వేరే మేకప్ ట్యాంకు, బోరు లైను స్టాండ్‌బై. టవర్లు ఉత్తరం వైపు చివరికి జరిపాం, హోర్డింగ్ ఆ వైపు తీసేశారు. ప్లాంటుకి ఐటీఐ చేసిన కుర్రాణ్ణి ఇప్పటినుంచే తీసుకుంటున్నాం, పైపులు వేసేటప్పుడే చూసి నేర్చుకుంటాడని. ఒక్కటే మిగిలింది. రోజుకు 8,000 లీటర్ల పైన వచ్చే బ్లోడౌన్ ఎక్కడికి పంపాలి? కన్సల్టెంటు మళ్ళీ ఎస్టీపీలోకే కలిపారు.

జల_లెక్క (తిరుపతి)

కలపొద్దు. అది ఉప్పు చిక్కబడిన నీరు, ఎస్టీపీ ఉప్పుని తీయదు. మళ్ళీ టవర్‌కే వస్తుంది, తిరిగిన ప్రతిసారీ ఇంకా చిక్కబడుతుంది, సైకిల్స్ లెక్క మొత్తం తప్పిపోతుంది. టాయిలెట్ ఫ్లష్‌కి వాడినా అంతే, అదీ ఎస్టీపీకే చేరుతుంది. మొక్కలకు పోస్తే నేల చవుడు తేలుతుంది. వేరే పైపుతో నేరుగా భూగర్భ డ్రైనేజీకి తీసుకెళ్ళండి, కార్పొరేషన్‌తో, కాలుష్య నియంత్రణ మండలితో ఇప్పుడే మాట్లాడి అనుమతి కాయితంలో రాయించుకోండి. స్లాబుల్లో పైపులకు దారి వదలడం మీ చేతిలోనే ఉంది కాబట్టి, ప్లాస్టరింగ్ మొదలయ్యేలోపే ఆ లైను వేయించేయండి.